వర్తక సంఘంలో చేరాలా వద్దా: శ్రీకాకుళంలో ఒక సామాన్ల కొట్టు అనుభవం

శ్రీకాకుళంలో కొత్తగా కొట్టు తెరిచినవాళ్లు మా దగ్గరికి టీ గ్లాసులకో, నీళ్ల బిందెకో వస్తుంటారు. బేరం కుదిరాక నెమ్మదిగా ఒక మాట అడుగుతారు. "వర్తక సంఘంలో చేరమంటున్నారండీ. చేరితే ఏమైనా ఉపయోగం ఉంటుందా?" బిల్లు రాస్తూ రెండు ముక్కల్లో చెబితే ఆ ప్రశ్నకు న్యాయం జరగదు. అందుకే తీరిక చేసుకుని రాస్తున్నాను.

మాది జి.టి. రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. నాన్నగారు 1981లో పెట్టారు. 2016 నుంచి కొనుగోళ్లూ లెక్కలూ నా చేతికి వచ్చాయి, ఆయన పొద్దుటిపూట గల్లా దగ్గర కూర్చుంటారు. మా సంఘం బోర్డు మీద చాంబర్ ఆఫ్ కామర్స్ అని ఉంటుంది గానీ బజారంతా సంఘం అనే అంటుంది, నేనూ అలాగే రాస్తాను. పూర్తి పేరు మాత్రం రాయడం లేదు. ఇందులో మెచ్చుకోలుతో పాటు నా ఫిర్యాదులూ ఉన్నాయి. వాటిని సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి చెప్పాను, జవాబులూ విన్నాను. అక్కడ తేల్చుకోవలసినదాన్ని పేరు పెట్టి వీధిలోకి లాగడం నాకు ఇష్టం లేదు.

ముందు ఖర్చు సంగతి. నేను చేరినప్పుడు ప్రవేశ రుసుము 1,000 రూపాయలు, ఏడాది చందా 1,200. జీఎస్టీ నమోదు పత్రం గానీ నగరపాలక సంస్థ ఇచ్చిన ట్రేడ్ లైసెన్సు గానీ నకలు ఇవ్వాలి, ఇద్దరు పాత సభ్యులు సంతకం పెట్టాలి. అంతే. రసీదు వెంటనే ఇస్తారు.

నాన్నగారు ముప్పై ఏడేళ్లు వ్యాపారం చేసి కూడా సంఘం గడప తొక్కలేదు. "అది పెద్ద కొట్లవాళ్లదమ్మా, మన మాట అక్కడ ఎవరు వింటారు?" అనేవారు. నేను చేరడానికి కారణం మా గుండిగలు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా జిల్లాలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉండిపోయాయి. మరునాడు మధ్యాహ్నం సంఘం నుంచి ఇద్దరు మా కొట్టుకు వచ్చారు. పలాస వైపు వంట చేసి పెట్టడానికి మనుషులు బయలుదేరుతున్నారు, పెద్ద పాత్రలు చాలడం లేదు, వాడుకుని తిరిగి ఇచ్చేస్తాం, ఎరువు ఇస్తారా అని అడిగారు. ఆరు గుండిగలు, రెండు గంగాళాలు, మూతలు, గరిటెలు తీసి ఇచ్చాను. తుపాను సమయం, ఎవరైనా ఇస్తారు. నన్ను ఆకట్టుకున్నది ఆ తర్వాత జరిగిన పని. వచ్చినవారిలో పెద్దాయన, సంఘం గుమాస్తా అని తర్వాత తెలిసింది, మా మెట్టు మీద కూర్చుని కార్బన్ కాగితం పెట్టిన పుస్తకం తెరిచారు. ఒక్కొక్క గుండిగనూ మా కాటా మీద పెట్టించి బరువు రాశారు. అంచు మీద నొక్కు ఉంటే నొక్కు ఉందని రాశారు. సంతకం పెట్టి ఒక ప్రతి నా చేతికిచ్చారు. బయట వ్యానువాడు హారన్ కొడుతూనే ఉన్నాడు, ఆయన రాయడం ఆపలేదు.

తొమ్మిదో రోజున అన్నీ తిరిగి వచ్చాయి. అడుగున మసి లేకుండా చింతపండుతో తోమి ఉన్నాయి. ఒక గుండిగకు చెవి ఊడితే వెల్డింగు చేయించి తెచ్చారు. "అతుకు కనబడుతోందమ్మా, దీన్ని మీరు కొత్తదిగా అమ్మలేరు. ధర చెప్పండి, కట్టిస్తాం" అన్నారు ఆ గుమాస్తా గారు. నేను తీసుకోలేదు. ఆ గుండిగ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, సంక్రాంతికి అరిసెల పాకం అందులోనే పడుతుంది. ఎరువు తెచ్చిన సామానుకు ఇంత లెక్క చూపేవాళ్లు చందా డబ్బుకూ అంతే లెక్క చూపుతారని నమ్మి, 2019 ఏప్రిల్లో చేరాను. ఆ నమ్మకం సగమే నిలబడింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

సభ్యత్వం వల్ల నాకు ఎక్కువగా పనికొచ్చింది ఏమిటంటే, కాటా శిబిరం అని చెబుతాను. వినడానికి చిన్నగా ఉంటుంది. మా కొట్టులో పాత ఇత్తడి తూకం వేసి తీసుకుని కొత్త సామాను ఇస్తాం, కాబట్టి కాటా మా పరువు. తూకపు రాళ్లకు రెండేళ్లకోసారి తూనికలు, కొలతల శాఖ ముద్ర పడాలి. నాన్నగారి కాలం నుంచీ అదే లెక్కకు అలవాటుపడి, ఎలక్ట్రానిక్ కాటాకూ రెండేళ్లే అనుకున్నాను. దానికి ప్రతి 12 నెలలకూ పడాలి. చేరిన మొదటి ఏడాదే గుమాస్తా గారు ఫోను చేశారు. "అమ్మా, మీ కాటా ముద్ర ఎప్పటిది?" కాగితం చూస్తే గడువు దాటి ఐదు నెలలైంది. తనిఖీకి వచ్చి ఉంటే జరిమానా కట్టేదాన్ని.

శిబిరం ఏడాదికోసారి సంఘం హాలులోనే జరుగుతుంది. శాఖవాళ్లు ప్రామాణిక తూకపు రాళ్లతో అక్కడికే వస్తారు. కాటాను గోనెసంచిలో చుట్టి ఆటోలో తీసుకెళ్లాను. హాలు నిండా కాటాలే. ఉల్లిపాయల మట్టి ఇంకా వదలనివి, మిఠాయి కొట్లనుంచి వచ్చి నెయ్యి వాసన వేసేవి, బంగారం కొట్ల అద్దాల పెట్టెలు, వరసగా బల్లల మీద పెట్టారు. నా వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు ముందు కాటా కాళ్లు తిప్పి నీటి బుడగను గుండ్రంలోకి తెచ్చారు. సున్నా చూశారు. 10 కిలోల రాయిని పళ్లెం మధ్యలో పెట్టారు, సరిగ్గా వచ్చింది. తర్వాత అదే రాయిని నాలుగు మూలల్లోనూ ఒక్కొక్కచోట పెట్టి చూశారు. ఎడమవైపు వెనక మూలలో 9.990 అని చూపింది. ఎత్తి మళ్లీ పెట్టారు. మళ్లీ అంతే.

పది గ్రాములు. నా ముఖం కందిపోయింది. మేము కావాలని చేసింది కాకపోయినా, కిలో వందల రూపాయలు పలికే పాత ఇత్తడిని తెచ్చినవాళ్ల బిందెలు ఎన్ని ఆ మూలవైపు ఒరిగి కూర్చున్నాయో ఎవరికి తెలుసు? పక్క బల్ల దగ్గరే లైసెన్సు ఉన్న మరమ్మతు మనిషి ఉన్నాడు. కాటా విప్పి, లోపల సరిచేసి, మళ్లీ వరసలో పెట్టించాడు. రెండోసారి నాలుగు మూలలూ ఒకే అంకె చూపాయి. అప్పుడు స్క్రూ రంధ్రంలోంచి తీగ పోనిచ్చి, సీసం పూస గుచ్చి, పట్టకారుతో నొక్కి ముద్ర వేశారు. ఇంటికి వచ్చి నాన్నగారికి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాత ఇత్తడి తెచ్చినవాళ్లకు ఇకమీదట పది గ్రాములు కలిపి లెక్క కట్టు. ఎవరిది ఎవరికి చేరుతుందో మనకు తెలియదు, కలిపెయ్యి" అన్నారు. ఇప్పటికీ కలుపుతున్నాం.

సంఘం లేకపోయినా ముద్ర వేయించుకోవచ్చు, శాఖ కార్యాలయానికి ఎవరైనా వెళ్లవచ్చు. కానీ కొట్టు మూసి, కాటా మోసుకుని, వెళ్లిన రోజున అధికారి ఊళ్లో ఉంటారో లేదో తెలియని చిన్న వ్యాపారి ఆ పనిని రేపటికి రేపటికి వాయిదా వేస్తూ పోతాడు. తన రిజిస్టరులో గడువు తేదీలు రాసుకుని ఒక్కొక్కరికీ ఫోను చేసే మనిషి ఉండటమే ఇక్కడ తేడా.

జీఎస్టీ విషయంలోనూ ఇలాంటి ఉపకారమే జరిగింది. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి పన్నులు తగ్గించింది, కొత్త రేట్లు 22 నుంచి అమల్లోకి వచ్చాయి. వంట పాత్రల మీద 12 శాతం 5కు దిగింది. సరిగ్గా ఆ రోజే దేవీ నవరాత్రులు మొదలు. ఆ మధ్య రోజుల్లో బజారంతా ఒకటే ఆందోళన. పండగకూ దీపావళికీ కలిపి 12 శాతం కట్టి సరుకు దింపేశాం. 22 తర్వాత 5 శాతానికి అమ్మితే ఆ తేడా ఎవరి నెత్తిన పడుతుంది? ఇద్దరు ముగ్గురు 21 లోపల అయినకాడికి అమ్మేయాలని చూశారు కూడా. అమలుకు వారం ముందే సంఘం ఒక ఆడిటరు గారిని పిలిపించి, హాలులో నల్లబల్ల మీద లెక్క వేయించింది. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను మన ఖాతాలో జమగా ఉంటుంది. 22 తర్వాత వేసే బిల్లులో 5 శాతమే వేయాలి. మిగిలిన జమ నగదుగా తిరిగి రాదు గానీ, రాబోయే నెలల పన్నుకు సర్దుబాటవుతుంది. నాకు అంతకుముందు నాలుగు వీడియోలు చూసినా తలకెక్కనిది ఆ నల్లబల్ల ముందు పావుగంటలో అర్థమైంది, ఎందుకంటే ఆయన లెక్క వేసింది గుండిగ మీదే. "వెయ్యి రూపాయల గుండిగ, నిన్నటిదాకా 1,120. రేపటినుంచి 1,050."

తర్వాత సంఘం ఆ రేట్లను పెద్ద అక్షరాల్లో తెలుగులో అచ్చు వేయించి కొట్లకు పంచింది. మా గోడ మీద అంటించిన రోజునే కూతురి పెళ్లికి సారె సామాను కొనడానికి వచ్చిన ఒక తల్లి, ఆ కాగితం పూర్తిగా చదివి, "మీరే చెప్పేశారు, ఇంక అడగక్కర్లేదు" అని కూర్చుంది. పేర్లు చెక్కించడంతో కలిపి ఆమె బేరం గంటన్నర పట్టింది. ఒక్కసారి కూడా ధర గురించి గొంతు పెంచలేదు.

ఇంతకీ ఇలాంటి సంఘాలు మన దగ్గర కొత్త కాదు. మద్రాసులో ఇంగ్లీషు వర్తకులు 1836లోనే చాంబర్ పెట్టుకున్నారు. తెలుగు వ్యాపారులు అదే మద్రాసులో 1928లో ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్ స్థాపించుకున్నారు. సర్కారుకు ఒక్క కొట్టువాడు రాసిన ఉత్తరానికీ, వందమంది కలిసి రాసిన ఉత్తరానికీ తేడా వాళ్లకు అప్పుడే తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో ఏ కొట్టు ఎన్ని గంటలు తెరవాలో రోజుకో మాట వినిపించిన రోజుల్లో, ఉత్తర్వును సులభమైన తెలుగులో టైపు చేయించి షట్టరు షట్టరుకూ అంటించింది మా సంఘమే.

బాకీల పంచాయితీ గురించి కొత్తవాళ్లు ఎక్కువగా ఆశపడతారు. ఉన్నదున్నట్టు చెబుతాను. వంటల కాంట్రాక్టు చేసే ఒకాయన నాకు 38,400 రూపాయలు బాకీ పడ్డాడు. ఏడాది తిప్పాక సంఘంలో అర్జీ పెట్టాను. ఇద్దరినీ కూర్చోబెట్టి, బిల్లులు చూసి, నాలుగు వాయిదాలకు ఒప్పించారు. మూడు వాయిదాలు డబ్బుగా వచ్చాయి, నాలుగోదానికి వాడిన సామాను తెచ్చి తూకం వేయించాడు. నాకు సంతోషమే. కానీ సంఘానికి కోర్టు అధికారం ఏదీ లేదు. అవతలి మనిషి ఇదే బజారులో రేపు మళ్లీ తలెత్తుకు తిరగాలి కాబట్టి వింటాడు. వేరే రాష్ట్రం నుంచి మందం తక్కువ స్టీలు పంపిన ఒక టోకు వ్యాపారి విషయంలో సంఘం రెండు ఉత్తరాలు రాసింది, వాటికి జవాబే లేదు. ఆ నష్టం నాదే.

చేతిపనివాళ్లకు మాత్రం ఇంకాస్త గట్టి ఆధారం ఉందని సంఘంలోనే తెలుసుకున్నాను. మాకు చెంబులు, కుందులు, గంటలు బుడితి నుంచి వస్తాయి. సారవకోట మండలంలోని ఆ ఊరి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. నా దగ్గరికి సరుకు తెచ్చే పనివాడిని నేను బాబాయ్ అంటాను, మా నాన్నగారి కాలం నుంచీ వస్తున్నాడు. చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు చేయిస్తామని ఒకరు ఆయన దగ్గర 1,500 రూపాయలు తీసుకున్నారు. సంఘం కార్యాలయంలో ఆ మాట చెబితే గుమాస్తా గారు తల పట్టుకున్నారు. ఆ నమోదుకు రుసుమే లేదు, ఆధార్, పాన్ ఉంటే చాలు. తర్వాత వచ్చిన ముగ్గురు బుడితి పనివాళ్లకు ఆయనే కంప్యూటర్ ముందు కూర్చుని పైసా తీసుకోకుండా చేసిపెట్టారు.

అప్పుడే మాకు చట్టం కూడా చెప్పారు. నమోదైన చిన్న తయారీదారు దగ్గర సరుకు కొంటే, రాతపూర్వకమైన ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఒప్పుకున్న గడువులో, ఎంత ఒప్పుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. 2006 నాటి చట్టం ఇది. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ. కొని అమ్ముకునే మాలాంటి వ్యాపారులకూ ఉద్యం నమోదు ఇస్తున్నారు గానీ అది బ్యాంకు రుణాలకు పనికొస్తుంది, ఈ గడువు రక్షణ మాకు వర్తించదు. బాబాయ్ పక్కనే కూర్చుని విన్నాడు. నేనూ విన్నాను. ఆయనకు నేను ఇవ్వవలసిన కార్తీక మాసపు కుందుల డబ్బు అప్పటికి రెండు నెలలుగా నిలిచి ఉంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. కొట్టుకు వచ్చాక గల్లా తీసి లెక్క చూసి ఇచ్చేశాను. ఆ రోజు నుంచి ఆయనకు పదిహేనో రోజు దాటనివ్వలేదు.

ఇప్పుడు నచ్చని సంగతులు.

మొదటిది, రోడ్డు మీద అమ్ముకునేవాళ్ల పట్ల సంఘం చూపు. మా సందు మొగలో గంపలు పెట్టుకుని పూలు, అరటిపళ్లు, వంకాయలు అమ్మే ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఉన్నారు. వాళ్లను పూర్తిగా ఖాళీ చేయించాలని నగరపాలక సంస్థకు వినతిపత్రం ఇద్దామని ఒక సమావేశంలో తీర్మానం పెట్టారు. చేతులు ఎత్తడం మొదలైంది. నేను లేచాను. నా కాళ్లు వణికిన మాట నిజం. మా గుమ్మం పక్కన అరటిపళ్లు అమ్మే అప్పయ్యమ్మ దగ్గర ఆగినవాళ్లే పది మందిలో ఇద్దరు తలెత్తి మా బిందెల వైపు చూస్తారని, ఆమె లేని రోజు నా బేరం కూడా తగ్గుతుందని చెప్పాను. ఒక న్యాయవాది సభ్యుడు లేచి 2014 నాటి వీధి విక్రేతల చట్టం గురించి వివరించారు. సర్వే చేయకుండా ఎవరినీ లేపడానికి వీల్లేదు. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వీధి విక్రేతలే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. వర్తక సంఘాలకూ ఆ కమిటీలో చోటు ఉంది. అంటే వాళ్లతో కలిసి కూర్చుని మాట్లాడుకునే వేదిక చట్టమే ఇచ్చింది, మనం అక్కడికి వెళ్లకుండా వినతిపత్రాలు రాసుకుంటున్నాం.

తీర్మానం ఆగింది. కొట్ల గుమ్మాల ముందు దారి వదిలి పసుపు గీత వేసుకుందామని రాజీ కుదిరింది. ఆ తర్వాత సంఘమే ఒక ఆదివారం వీధి విక్రేతలకు రుణమిచ్చే పీఎం స్వనిధి పథకం దరఖాస్తులు నింపించింది. మొదటి విడతలో అప్పట్లో 10,000 ఇచ్చేవారు, ఇప్పుడు 15,000. అప్పయ్యమ్మకు వచ్చింది. దానితో ఆమె పెద్ద గొడుగు, నాలుగు చక్రాల బండి కొనుక్కుంది. గీత దాటిందని ఆమె మీద కేకలేసే సభ్యులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల గుమ్మాల ముందు పొద్దున్నుంచి రాత్రిదాకా వాళ్ల సొంత మోటారు సైకిళ్లు నాలుగు నిలబడి ఉంటాయి, ఆ మాట కూడా సమావేశంలో అన్నాను.

రెండోది లెక్కలు. ఏటా సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు గబగబా చదివేసి చప్పట్లు కొట్టించేవారు. కాగితం చేతికిచ్చేవారు కాదు. నా గుండిగ అంచు మీద నొక్కును కూడా రాసిన సంఘం ఇది. సొంత ఖాతాను అలా చదివేస్తే ఎలా ఊరుకుంటాను? 2022లో అచ్చు ప్రతి అడిగాను. "మీకు మా మీద నమ్మకం లేదా అమ్మా?" అన్నారు. నమ్మకం ఉంది కాబట్టే చేరాను, నమ్మకం నిలవాలనే అడుగుతున్నాను అన్నాను. రెండేళ్లు పట్టింది. ఇప్పుడు మూడు నెలలకోసారి నోటీసు బోర్డు మీద లెక్క అంటిస్తున్నారు. హాలును పెళ్లిళ్లకు అద్దెకిస్తే వచ్చే ఆదాయాన్ని మాత్రం ఇప్పటికీ ఒకే అంకెగా చూపుతున్నారు, ఎన్ని రోజులు ఎవరికి ఇచ్చారో ఉండదు. దాన్ని అడుగుతూనే ఉంటాను.

కార్యవర్గం ఎన్నిక దాదాపు ఎప్పుడూ ఏకగ్రీవమే. పేర్లు మారతాయి, ఇళ్లు మారవు. నాకు తెలిసి ఆడవాళ్లం పదిమందికి మించం. సమావేశాలు రాత్రి తొమ్మిదికి, షట్టర్లు దించాక పెట్టేవారు. టైలరింగు, బ్యూటీ పార్లరు, పిండివంటల కేంద్రం నడిపేవాళ్లు ఆ వేళకు ఇల్లు వదిలి ఎలా వస్తారు? హాలులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కూడా ఉండేది కాదు. ఆ రెండూ ఇప్పుడు మారాయి. పగటిపూట సమావేశం మూడు నెలలకోసారి పెడుతున్నారు, మరుగుదొడ్డికి తాళం చెవి అడిగి తీసుకోవాలి. తాళం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇన్ని చెప్పాక కూడా ఏటా చందా ఎందుకు కడుతున్నానంటే, ఒక పొద్దు గురించి చెప్పాలి.

2025 ఫిబ్రవరి 4 రథసప్తమి. అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండుగగా జరిపిన మొదటి ఏడాది. స్వామి నిజరూప దర్శనానికి ముందురోజు రాత్రి నుంచే జనం బారులు తీరుతారు. సంఘం తరఫున ఏటా మంచినీళ్లు, మజ్జిగ ఇస్తారు. తెల్లారేసరికి వాడేసిన కప్పులు కాలువ నిండా ఉండేవి. ఈసారి స్టీలు గ్లాసులతో ఇద్దామని నేను అడిగాను. ఎవరు కడుగుతారు, ఎవరు కాపలా ఉంటారు, సగం పోతాయి అని చాలామంది అన్నారు. గ్లాసులు మా కొట్టునుంచి ఎరువు ఇస్తానన్నాను. గుమాస్తా గారు ఏమీ అనకుండా అదే కార్బన్ పుస్తకం తీశారు. 600 గ్లాసులు, పన్నెండు డజన్ల పెట్టెలు నాలుగు, విడివి రెండు డజన్లు అని రాసుకున్నారు.

మూడు పెద్ద తొట్లు పెట్టాం. ఒకదాంట్లో ముంచి, రెండోదాంట్లో తోమి, మూడోదాంట్లో వేడినీళ్లలో తీయాలి. కాలేజీ పిల్లలు వంతులవారీగా నిలబడ్డారు. చలికి వేళ్లు ముడతలు పడితే వేడినీళ్ల తొట్టి దగ్గరికి మారడానికి పోటీ. అర్ధరాత్రి దాటాక బట్టల కొట్టు యజమాని ఒకాయన, సమావేశాల్లో నా మాటకు ఎప్పుడూ అడ్డు చెప్పేవారు, పంచె మడిచి కట్టి రెండో తొట్టి దగ్గర కూర్చున్నారు. తెల్లారేదాకా లేవలేదు. పల్లెలనుంచి వచ్చిన ముసలివాళ్లు మజ్జిగ తాగి, గ్లాసు కళ్లకద్దుకుని తిరిగి ఇచ్చేవారు. పొద్దెక్కాక చూస్తే కాలువ శుభ్రంగా ఉంది.

లెక్కపెడితే 571 గ్లాసులు. ఇరవైతొమ్మిది తక్కువ. నాన్నగారికి చెబితే, "స్వామి దగ్గర దొరికిన గ్లాసులని ఇరవైతొమ్మిది ఇళ్లలో దేవుడి గూట్లో పెట్టుకుని ఉంటారు" అన్నారు. సంఘం ఆ 29 గ్లాసుల ధర కట్టి ఇచ్చింది. గుండిగ డబ్బు అప్పుడు తీసుకోలేదు గానీ ఈసారి తీసుకుని రసీదు రాసి ఇచ్చాను. సంఘాన్ని లెక్క అడిగిన దాన్ని, నా లెక్క కూడా పుస్తకంలో ఉండాలి.

చుక్కలు వేయమంటే అయిదింటికి నాలుగు వేస్తాను. తగ్గించిన ఒకటి జమాఖర్చులకు, ఆడవాళ్లకు. పది లక్షల సరుకున్న కొట్టుకైనా, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే మనిషికైనా 1,200 రూపాయలు వృథా కావు, ఒక షరతు మీద. చందా కట్టి ఇంట్లో కూర్చుంటే గోడకు తగిలించుకునే సభ్యత్వ పత్రం తప్ప ఏమీ రాదు. నాతోపాటే చేరిన ఒక ఫ్యాన్సీ కొట్టాయన ఏడేళ్లలో రెండుసార్లు వచ్చారు, సంఘం దండగ అంటారు. ఆయన వరకు అది నిజమే. బ్యాంకు రుణం ఇప్పిస్తారనో, అధికారులతో పరిచయాలు దొరుకుతాయనో చేరేవాళ్లకు కూడా నిరాశే మిగులుతుంది. దరఖాస్తు నింపిపెడతారు, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెబుతారు, అవసరమైతే ఒక మనిషి వెంట వస్తాడు. అంతవరకే.

కార్యాలయం ఉదయం పదిన్నరకు తెరుస్తారు. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా గుమాస్తా గారు భోజనానికి వెళతారు, ఆ వేళలో వెళితే తలుపు వేసే ఉంటుంది. మెట్లు ఎక్కగానే ఎడమవైపు బల్ల ఆయనది. వెళ్లేటప్పుడు మీ కాటా ముద్ర కాగితం వెంట తీసుకెళ్లండి, ఆయన మొదట అడిగేది అదే.